ఆఖరి ఎనిమిది పేజీలు

అగ్వా లార్గా పట్టణంలో నిరక్షరాస్యత సంపూర్ణంగా నిర్మూలన అయిందని కౌంటీ గ్రంథాలయ శాఖ మార్చి మొదటి వారంలో ప్రకటించింది. ప్రకటనను ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అచ్చువేయించి ఊరంతా అంటించారు. చదవడం రానివాళ్ళు ఇబ్బంది పడకూడదని అక్షరాలు కాస్త పెద్దవి వేశారు. ఇందుకు రుజువులు సేకరించే పని మాత్రం ఏప్రిల్‌లో మొదలైంది. ఆ పని నెరైదా బన్యువేలోస్‌కు అప్పగించారు.

నెరైదా వాళ్ళ వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. తండ్రి బాదం తోటల్లో చెట్లు దులిపేవాడు. తల్లి హోటల్లో పక్కలు సర్దేది. అంత కష్టపడి చదివించిన పిల్ల కాబట్టి, ఎవరు ఏ కాగితం చేతికిచ్చినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నింపేది. బ్రాంచి గ్రంథాలయంలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. బ్రాంచికి "ఎ" గ్రేడు వస్తే పర్మనెంట్ చేస్తామని మేనేజరు థార్న్‌బెరీ గారు మాటిచ్చారు. ఎప్పుడో చెప్పలేదు. అది అడగడం మర్యాద కాదని ఆమె అడగలేదు.

ఇంతటి విజయానికి మూలమైన పథకం పేరు "ఇంటింటా గ్రంథాలయం". బాదం తోటల్లో, పిస్తా షెడ్లలో పనిచేసే నూట నలభై కుటుంబాలను ఎంపిక చేసి, ఇంటికి పన్నెండేసి పుస్తకాలు ఉచితంగా ఇచ్చారు. ఎడమ పేజీ స్పానిష్, కుడి పేజీ ఇంగ్లీషు. తల్లులూ పిల్లలూ కలిసి చదువుకోవాలని, సంస్కృతి వర్ధిల్లాలని ఉద్దేశం. రెండేళ్ళ తర్వాత పుస్తకాలు చెక్కుచెదరకుండా ఉంటే అది అక్షర కుటుంబం. చెదిరితే అజాగ్రత్త కుటుంబం. అలాంటివారి పుస్తకాలు వెనక్కి తీసుకుని, పేరు బ్రాంచి గోడకు అంటిస్తారు.

ప్రారంభోత్సవం నాడు సంస్కృతికి లోటు చేయలేదు. రంగుకాగితాల తోరణాలు కట్టారు. థార్న్‌బెరీ గారు కుట్టుపని చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, తనకు వచ్చిన ఒకే ఒక్క స్పానిష్ వాక్యం పలికారు. "ఇది మీ ఇల్లే అనుకోండి." సరిగ్గా ఐదు గంటలకు సెక్యూరిటీ మనిషి వచ్చి ఇంటివాళ్ళందరినీ బయటికి పంపి తాళం వేశాడు. అంతకుముందు పిల్లల కోసం పిన్యాతా కట్టారు. మామూలుగా అయితే నక్షత్రమో గుర్రమో ఉండే కాగితపు బొమ్మ, ఈసారి సందర్భానికి తగినట్టు పుస్తకం ఆకారంలో చేయించారు. పిల్లల కళ్ళకు గంతలు కట్టి, చేతికి కర్రలిచ్చి, పుస్తకాన్ని చితక్కొట్టమన్నారు. అది పగిలి మిఠాయిలు రాలేదాకా కొట్టారు. పుస్తకాల పట్ల పిల్లల్లో ఇంత ఉత్సాహం తానెన్నడూ చూడలేదని థార్న్‌బెరీ గారు ఆ రాత్రే పై అధికారులకు రాశారు.

ఇక నెరైదా చేతికిచ్చిన పత్రం సంగతి. దాని పేరు గృహ పుస్తక స్థితి పత్రం. అందులో ఐదు గళ్ళు. పుస్తకాల సంఖ్య, మూలలు, మరకలు, లోపించిన పేజీలు, రాతలూ గీతలూ. పుస్తకం చదివారా లేదా అనే గడి కూడా ఉంటే బాగుంటుందేమోనని నెరైదా ఒకసారి వినయంగా అడిగింది. చదవడమనేది కంటికి కనిపించదని, మూలలైతే కనిపిస్తాయని థార్న్‌బెరీ గారు ఓపిగ్గా వివరించారు. ఆమె డైరీలో రాసుకుంది.

ఆరు వారాల్లో నూట ముప్పై తొమ్మిది ఇళ్ళు తిరిగింది. నూట ముప్పై తొమ్మిదింటికీ "ఎ" గ్రేడే. ఏ ఇంట్లోకి వెళ్ళినా ముందుగదిలో అద్దాల బీరువా ఉంది. అందులో పెళ్ళినాటి కప్పులు, పిల్లల జ్ఞానస్నానం కొవ్వొత్తులు, బాల్యం ముగిసిందని పదిహేనో పుట్టినరోజున కూతురికి ఇచ్చిన ఆఖరి బొమ్మ ఉన్నాయి. వాటి పక్కన, అట్టపెట్టెలోంచి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే, ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పకుండా పన్నెండు పుస్తకాలు ఉన్నాయి. మంచి వస్తువును వాడి పాడుచేసుకునే అలవాటు ఆ ఇళ్ళల్లో లేదు. పుస్తకం మంచి వస్తువని రెండేళ్ళుగా గ్రంథాలయం చెబుతూనే ఉంది. ఒక ఇంట్లో పుస్తకాల ముందు చిన్న దీపం కూడా పెట్టారు. నెరైదా "మరకలు" గడిలో "లేవు" అని రాసి, పొగ సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి, రాయలేదు.

నూట నలభయ్యో ఇల్లు ఊరి చివర, కాలవగట్టు పక్కన చక్రాల మీద నిలబెట్టిన రేకుల ఇల్లు. అది దోన్యా అంపారోది; పెద్దావిడలను అక్కడ గౌరవంగా దోన్యా అంటారు. అరవై ఏడేళ్ళ మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళు పిస్తా షెడ్డులో పనిచేసి, ఇప్పుడు మనవరాలు యారెట్సినీ ఏడాది మనవణ్ణీ చూసుకుంటోంది. కూతురూ అల్లుడూ కోతల వెంట ఊళ్ళు తిరుగుతుంటారు.

"లోపలికి రా, మిహా. చెప్పులు విప్పకు, నా నేల కంటే నీ చెప్పులే శుభ్రంగా ఉన్నాయి," అంది ముసలావిడ. ఆ వీధిలో తనకంటే చిన్నదైన ప్రతి ఆడపిల్లనూ ఆవిడ అలాగే, కూతురే అన్నట్టు, మిహా అని పిలుస్తుంది.

ఆ ఇంట్లో అద్దాల బీరువా లేదు. పుస్తకాలు మెట్ల మీద, మంచం కింద, ఒకటి పిల్లాడి ఒళ్ళో ఉన్నాయి. ఒకదాని అట్ట ఊడిపోతే సూదీదారంతో కుట్టారు. ఇంకోదాని మీద చింతపండు కారం మిఠాయి తిన్న వేళ్ళ ముద్రలు ఐదూ స్పష్టంగా ఉన్నాయి. వంటల పుస్తకానికి మూల లేదు, దాన్ని పిల్లాడు నమిలేశాడు. నెరైదా పత్రం తీసి రాయడం మొదలుపెట్టింది. రాస్తూ ఒక వింత గమనించింది. ప్రతి పుస్తకంలోనూ ప్రతి వరుస కిందా బూడిదరంగు చార ఉంది.

"ఇదేంటి, దోన్యా?"

"నా వేలు," అంది అంపారో. "యారెట్సి చదువుతుంటే నేను వేలు పెట్టి వెంట నడుస్తా. మొదట్లో అది ఒక చోట, నా వేలు ఒక చోట ఉండేవి. ఇప్పుడు నా వేలే ముందుంటోంది."

"ఊరికే అంటోంది," అంది యారెట్సి. దానికి ఎనిమిదేళ్ళు. "పెద్ద మాట వస్తే ఆగిపోతుంది. ఆగి, దగ్గొచ్చినట్టు నటిస్తుంది."

"నీకు పుట్టుకతోనే చదువొచ్చింది కదా మరి, మహారాణీ."

బడి ముఖమే చూడని మనిషి రెండేళ్ళలో చదవడం నేర్చుకుందని ఆ విధంగా నెరైదాకు తెలిసింది. దాన్ని ఏ గడిలో రాయాలా అని పత్రమంతా వెతికింది. లేదు. అందుకని ముందుకు సాగి, "కుండల గాడిద" అనే పుస్తకం తెరిచింది.

అది కౌంటీ వారు ప్రత్యేకంగా రాయించిన పుస్తకం. కనేలా అనే ఆడగాడిద కుండలు మోసుకుని సంతకు బయల్దేరి దారి తప్పుతుంది. నడిచి నడిచి ఒక నది ఒడ్డుకు చేరుతుంది. అవతలి ఒడ్డు నుంచి ఎవరో దాన్ని పేరు పెట్టి పిలుస్తారు. కనేలా తలెత్తి చూస్తుంది. అక్కడితో ఇరవై నాలుగో పేజీ అయిపోయింది. తిప్పితే అట్ట. అట్ట వెనక ముప్పై రెండు పేజీలు అని అచ్చువేసి ఉంది.

"ఎనిమిది పేజీలు లేవు, దోన్యా."

"ఎప్పుడూ లేవు."

"పిల్లాడు..."

"వాడు తిన్నది వంటల పుస్తకం. నా కళ్ళారా చూశాను. ఇది వాడికి అందనిస్తానా?" ముసలావిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "పోనీ, లేకపోతే లేవు. ఆ పేజీల్లో ఏముందో చెప్పు. నువ్వు చదివే ఉంటావుగా, ఇన్ని ఇళ్ళకు పంచావు."

నెరైదా చదవలేదు. పెట్టెలు లెక్కపెట్టింది, సంతకాలు పెట్టించుకుంది, చదవడానికి తీరిక దొరకలేదు. "బాగా ముగుస్తుంది," అంది.

"బాగా అంటే?"

"అంటే, సంతోషంగా."

"ఎవరికి సంతోషం? గాడిదకా, పిలిచినవాళ్ళకా?"

నెరైదా పత్రం మీదకు వంగింది.

"రెండేళ్ళ నుంచి కొట్టుకుంటున్నాం ఇక్కడ," అంది అంపారో. "సందులో పిల్లలు ఏడుగురు వస్తారు సాయంత్రాలు. పిలిచింది కనేలా వాళ్ళమ్మ అంటుంది ఇది. పక్కింటివాడు వలస పోలీసులంటాడు."

"పోలీసులు పేరు పెట్టి పిలవరని చెప్పాను వాడికి," అంది యారెట్సి. "వాళ్ళు నంబరు అడుగుతారు."

మూలలూ మరకలూ క్షమిస్తారు గానీ, పేజీలు లోపిస్తే "డి" గ్రేడు. ఒక్క ఇంటికి "డి" పడినా బ్రాంచికి "ఎ" రాదు. బ్రాంచికి రాకపోతే నెరైదా ఉద్యోగం సెప్టెంబరుతో సరి. ఇదంతా ముసలావిడకు చెప్పలేదు, పుస్తకాలు వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని మాత్రం చెప్పింది.

అంపారో రెండు చేతులూ చాపి చూపించింది. "ముప్పై ఒక్క ఏళ్ళలో నా బల్ల మీంచి ఒక్క పుచ్చు గింజ పెట్టెలోకి వెళ్ళలేదు. అజాగ్రత్త మనిషినని ఎవరూ అనలేదు. నువ్వు రాస్తావా?"

వారం గడువు ఇచ్చి నెరైదా బయటపడింది.

ఆ పుస్తకానిదే ఇంకో ప్రతి చూస్తే విషయం తేలిపోతుంది. నూట ముప్పై తొమ్మిది ప్రతులు ఊళ్ళోనే ఉన్నాయి. మొదట దోన్యా ఒబ్దూలియా ఇంటికి వెళ్ళింది. ఒబ్దూలియా అంపారోకు కొమాద్రె, అంటే అంపారో కూతురికి జ్ఞానస్నానం నాడు తల్లిగా నిలబడిన మనిషి. అంపారో కోసం ప్రాణమిస్తానని ఊరందరికీ చెబుతుంది.

"ఏం కావాలన్నా అడుగు," అంది ఒబ్దూలియా, కాఫీ ముందు పెట్టి.

"ఆ గాడిద పుస్తకం ఒక్కసారి విప్పి చూస్తాను, దోన్యా."

"తమాలెలు తింటావా? పొద్దున్నే ఉడికించాను."

"చివరి పేజీ చూసి ఇచ్చేస్తాను."

"విప్పాక ఆ ప్లాస్టిక్ మళ్ళీ అలాగే చుట్టగలవా?"

"చుట్టలేను."

"మరి? నా కొమాద్రె కోసం కిడ్నీ ఇమ్మను, ఇస్తాను. రెండున్నాయి. ఆ పుస్తకం ఒక్కటే ఉంది." ఆవిడ బీరువా తాళంచెవి జాకెట్టులోకి తోసుకుంది. "అయినా ఎందుకు విప్పడం? బొమ్మ పైనే కనబడుతోంది. గాడిద. గాడిద కథ ఎలా ముగుస్తుంది? మోస్తూనే ఉంటుంది."

ఇంకో పదకొండు ఇళ్ళల్లో కాఫీ తాగింది. తమాలెలు తిన్నది. పుస్తకం మాత్రం ఎవరూ విప్పనివ్వలేదు. ఆ పన్నెండు ఇళ్ళకూ "ఎ" గ్రేడు ఇచ్చింది తనే కాబట్టి గట్టిగా అడగడానికీ లేదు.

గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంది కదా అని థార్న్‌బెరీ గారి దగ్గరికి వెళ్ళింది. అది హాల్లో గాజుపెట్టెలో ఉంది. పెట్టె మీద "చదవండి" అని రాసి ఉంది. తాళంచెవి పై ఆఫీసులో ఉందని, అది పాఠకుల్లో స్ఫూర్తి నింపడానికి పెట్టిన ప్రతి తప్ప వాడకానికి కాదని ఆయన చెప్పారు. కథ ఎలా ముగుస్తుందో ఆయనకేమైనా తెలుసా అని అడిగింది. సారాంశం చదివానన్నారు. సారాంశంలో "కుటుంబ విలువలను చాటే హృద్యమైన ముగింపు" అని ఉందట.

ఇక ఎవరినీ అడగకుండా చూడగలిగింది ఒక్క ఇల్లే. అది ఆమె సొంత ఇల్లు. ఆదివారం తల్లి చర్చికి వెళ్ళగానే నెరైదా వంటింటి కత్తి తీసుకుని ముందుగది బీరువా తెరిచింది. తన డిగ్రీ పట్టా, దాని పక్కన తన కాలేజీ పుస్తకాలు, వాటి పక్కన పథకం పుస్తకాలు. దొంగలా వెనక్కి ఒకసారి చూసుకుని ప్లాస్టిక్ కోసింది. రెండేళ్ళ కొత్త వాసన గుప్పుమంది. ఇరవై నాలుగో పేజీ. కనేలా తలెత్తి చూసింది. తిప్పితే అట్ట.

అలా నేల మీద కూర్చునే ఉంది, తల్లి వచ్చేసింది.

"ఏం చేశావే? కోశావా?"

"అమ్మా, ఇందులో ముగింపు లేదు. ఎవరింట్లోనూ లేదు. దోన్యా అంపారో చింపలేదు."

తల్లి పుస్తకం అందుకుని అటూ ఇటూ తిప్పింది. శాలువా అంచుతో దుమ్ము తుడిచింది, దుమ్ము లేకపోయినా. "లేకపోతే ఏమైంది? ఇన్నాళ్ళూ ఎవరికైనా తక్కువైందా? నీ పిల్లలకని దాచాను."

"నా పిల్లలు మాత్రం చదవద్దా?"

"వాళ్ళూ వాళ్ళ పిల్లలకు దాస్తారు," అంది తల్లి. అదే కదా మరి సంస్కృతి అంటే అన్నట్టు బీరువా మూసింది.

సోమవారం ఉదయం కోసిన పుస్తకం తీసుకుని నెరైదా థార్న్‌బెరీ గారి గదిలోకి వెళ్ళింది. ఆయన పేజీలు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. "ఇది ఎంతమంది గమనించారు?"

"ఒక్క ఇంట్లో."

ఆయన ముఖం తేటపడింది. "అంటే నూట ముప్పై తొమ్మిది కుటుంబాల పాఠకులకు ముగింపు మీద ఏ ఫిర్యాదూ లేదన్నమాట. ఇది గొప్ప ఫలితం."

అయినా విషయం పై కమిటీ దాకా వెళ్ళింది. కమిటీ అధ్యక్షురాలు శ్రీమతి హక్‌స్టెడ్ గారు దస్త్రాలు తెప్పించారు. అప్పుడు తెలిసింది ఏమంటే, ఆ కథ తొమ్మిది మంది నిపుణులు కూర్చుని రాశారు. గాడిద ఆడదై ఉండాలా మగదై ఉండాలా అన్నదానికి నాలుగు సమావేశాలు పట్టింది. కుండలు ఏ ప్రాంతపువి కావాలన్నదానికి మరో మూడు. ముగింపు రాసే బాధ్యత ఒక ఉపసంఘానికి ఇచ్చారు. ఆ ఉపసంఘం ఇంకా సమావేశం కాలేదు. సంవత్సరాంతం వచ్చేసరికి బడ్జెట్ మురిగిపోతుందని, ఉన్నంతవరకు అచ్చుకు పంపించారు. అట్ట మాత్రం ముందే అచ్చయింది.

కనేలాను పిలిచింది ఎవరో భూమ్మీద ఎవరికీ తెలియదు.

శ్రీమతి హక్‌స్టెడ్ గారు లేచి నిలబడి మాట్లాడారు. "మిత్రులారా, దీన్ని కొందరు లోపం అనవచ్చు. నేను దీన్ని ఆహ్వానం అంటాను. ఏళ్ళ తరబడి మనం ఈ ప్రజల కథలు మనమే చెబుతూ వచ్చాం. ఈనాడు ఆఖరి ఎనిమిది పేజీలు వారికి అప్పగిస్తున్నాం. వారు ఇన్నాళ్ళూ మౌనంగా ఉన్నారంటే, ఆ ఖాళీని వారు హృదయంతో నింపుకున్నారనే అర్థం." సభ్యులు చప్పట్లు కొట్టారు. సమావేశంలో ఉన్న ఆ ప్రజల మనిషి నెరైదా ఒక్కతే. ఆమె చప్పట్లు కొట్టాలో, సమావేశం వివరాలు రాసుకోవాలో తెలియక రాసుకుంది.

పేజీలు లేకపోవడం ఉద్దేశపూర్వకమేనని నోటీసు వెలువడింది. ప్రతి కుటుంబమూ తన ముగింపును ఆరు వారాల్లోగా వెనకట్ట లోపలివైపు రాయవలెను. లోపించిన పేజీల గడి కొట్టివేయబడినది. కాబట్టి దోన్యా అంపారో నిర్దోషి. నెరైదా ఆ కబురు చెప్పడానికి సైకిలు మీద పోయినంత వేగంగా ఎప్పుడూ పోలేదు.

అంపారో నోటీసు చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి, పెద్ద మాటల దగ్గర దగ్గుతూ, తనే చదువుకుంది. "అయితే ఎవరు పిలిచారో నన్ను చెప్పమంటున్నారు."

"అవును, దోన్యా."

"వాళ్ళకే తెలీదు."

"తెలీదు."

"ముందే చెప్పుంటే ఆ పక్కింటివాడి పోలీసుల సంగతి రెండేళ్ళు నాననిచ్చేదాన్ని కాదు," అంది ఆవిడ.

ఆరు వారాలు గడిచాయి. నూట ముప్పై తొమ్మిది ఇళ్ళల్లో ఎవరూ ఏమీ రాయలేదు. రాయాలంటే ప్లాస్టిక్ విప్పాలి. "దొరలిచ్చిన తెల్లటి అట్ట మీద పెన్ను పెట్టేంత తెగింపు నాకు లేదమ్మా," అని ఒబ్దూలియా చెప్పింది. నెరైదా తల్లి కోసిన పుస్తకానికి కొత్త ప్లాస్టిక్ చుట్టి, టేపు వేసి, లోపలికి నెట్టేసింది.

అంపారో మాత్రం రాసింది. రోజుకు రెండు మాటలు మించి రాయలేదు. మొదట పిస్తా పెట్టెల అట్టముక్కల మీద రాసి, యారెట్సి దిద్దితే దానితో పోట్లాడి, మళ్ళీ రాసి, చివరికి పుస్తకంలోకి ఎక్కించింది. ఆ అక్షరాలు ఒక్కొక్కటీ ఒక్కో గింజలా విడివిడిగా ఉన్నాయి. నెరైదా మెట్ల మీద కూర్చుని చదివింది.

"అక్కడ ఇంకో గాడిద ఉంది. అది కూడా దారి తప్పింది. ఇద్దరూ కుండలు దించారు."

నెరైదా రెండోసారి చదివింది. డిగ్రీ కోసం ఆమె చాలా పుస్తకాలు చదివింది. వాటిలో ఎక్కడా ఎవరూ కుండలు దించలేదు.

"దానికి పేరెలా తెలిసింది, దోన్యా?"

"నది ఒడ్డున నిలబడ్డ గాడిదకు ఇంకో గాడిద పేరు తెలీకుండా ఎలా ఉంటుంది?" అంది అంపారో, ఇంత చిన్న విషయం కాలేజీలో చెప్పలేదా అన్నట్టు.

ఆ సంతోషంలో నెరైదా పత్రం తీసి, నిజాయితీగా, గర్వంగా, ఐదో గడిలో నింపింది. రాతలూ గీతలూ: ఉన్నాయి. నోటీసు మారింది కానీ ఆ గడి మారలేదు. కంప్యూటరు దాన్ని ఒక్క క్షణం పరిశీలించి "డి" వేసింది. అజాగ్రత్త కుటుంబం. నాలుగో రోజున సెక్యూరిటీ మనిషి వ్యాను వేసుకొచ్చి పన్నెండు పుస్తకాలూ లెక్కపెట్టి పట్టుకెళ్ళాడు. సాయంత్రం ఏడుగురు పిల్లలు మెట్ల మీదకు వచ్చి కూర్చున్నారు. కాసేపు చూసి వెళ్ళిపోయారు. యారెట్సి ఫోనులో ఏదో ఆట ఆడుకుంది. అంపారో వేలు ఒళ్ళో ఖాళీగా ఉంది.

నెరైదా పై కమిటీకి మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ స్పందన వచ్చింది, ఆమె ఊహించినట్టు కాదు. నూట నలభైలో ఒక కుటుంబం నిజంగానే రాసిందని తెలిసి శ్రీమతి హక్‌స్టెడ్ గారు పొంగిపోయారు. ఆ పుస్తకాన్ని పాడైన పుస్తకాల పద్దులోంచి తీసి, ప్రదర్శన వస్తువుల పద్దులో చేర్చారు. దాంతో "డి" మాయమై బ్రాంచికి "ఎ" వచ్చింది. కౌంటీ కేంద్ర గ్రంథాలయంలో "సమాజపు స్వరం" పేరిట నెలరోజుల ప్రదర్శన పెట్టారు. మధ్యలో గాజుపెట్టె, అందులో నీలం మఖమలు మీద "కుండల గాడిద". దుమ్ము పడకుండా మూసి పెట్టారు. మిగతా పదకొండు పుస్తకాలను ఆ పెట్టె కింది సొరుగులో భద్రపరిచారు. ఈ ఆణిముత్యాన్ని వెలికితీసినందుకు నెరైదాను పర్మనెంట్ చేసి, ప్రదర్శన సంరక్షకురాలిగా నియమించి, పెట్టె తాళంచెవి ఇచ్చారు. తల్లి ఆ నియామక పత్రాన్ని బీరువాలో పట్టా పక్కన పెట్టింది.

పెట్టె పక్కన అభిప్రాయాల పుస్తకం ఉంచారు. జనం తండోపతండాలుగా వచ్చారు. మూసిన పుస్తకాన్ని నాలుగు వైపుల నుంచీ చూశారు. "ముగింపు హృదయాన్ని కదిలించింది" అని ఒక సూపర్‌వైజరు రాశారు. "ఆఖరి వాక్యం నన్ను వెంటాడుతోంది" అని ఒక ప్రొఫెసరు గారు రాశారు. ఒబ్దూలియా కొత్త శాలువా కప్పుకుని బస్సెక్కి వచ్చి, రాయడం ఇష్టం లేక, గాజు మీద చెయ్యి పెట్టి సిలువ గుర్తు వేసుకుని వెళ్ళింది.

పంతొమ్మిదో రోజున దోన్యా అంపారో మనవరాలితో వచ్చింది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. అద్దం మీద వేలు పెట్టబోతే సెక్యూరిటీ మనిషి వద్దన్నాడు.

"లోపల ఉన్నది నేను రాసిందే, అబ్బాయ్."

"అందుకే ముట్టుకోకూడదు, దోన్యా," అన్నాడు వాడు మర్యాదగానే.

ఆవిడ అభిప్రాయాల పుస్తకం దగ్గరికి నడిచింది. పెన్ను అందుకుని, వెనక వరుస కట్టినవాళ్ళు విసుక్కుంటున్నా, పావుగంట సేపు రాసింది. యారెట్సి ఒక్కచోట కూడా దిద్దలేదు.

"ముగింపు బాగాలేదు. వాళ్ళు కుండలు దించారు గానీ తిండి తినలేదు. మర్చిపోయాను. పుస్తకం ఇస్తే రాస్తాను. అంపారో."

ఆ సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక నెరైదా అది చదివింది. తాళంచెవి చేతిలోకి తీసుకుంది. జీవితంలో ఆమె నింపకుండా వదిలిన కాగితం లేదు, మీరిన నోటీసు లేదు. ఏ నోటీసులోనూ తాళంచెవిని తాళం తీయడానికి వాడకూడదని రాసి లేదని ఆమెకు అప్పుడు తట్టింది. మర్నాడు పొద్దున అంపారో మెట్ల మీద పన్నెండు పుస్తకాలున్నాయి. గాజుపెట్టెలో నీలం మఖమలూ, "సమాజపు స్వరం" అన్న పలకా మిగిలాయి.

ఆ తర్వాతి పదకొండు రోజుల్లో ప్రదర్శనకు ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఖాళీ మఖమలు ముందు నిలబడి ఫోటోలు దిగారు. "సాహసోపేతమైన ముగింపు" అని ఒకరు రాశారు. ప్రొఫెసరు గారు రెండోసారి వచ్చి, మొదటిసారి కంటే లోతుగా అర్థమైందని రాశారు. థార్న్‌బెరీ గారు మూడుసార్లు అతిథులను వెంటబెట్టుకొచ్చి ముగింపు గురించి వివరించారు.

నెలాఖరున శ్రీమతి హక్‌స్టెడ్ గారు చెబుతుంటే నెరైదా తుది నివేదిక టైపు చేసింది. అభిప్రాయం తెలిపిన మూడు వందల పన్నెండు మందిలో మూడు వందల పదకొండు మంది ముగింపు పట్ల సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేశారు. అసంతృప్తి తెలిపినవారు ఒక్కరే. వారి రాతను బట్టి చూస్తే, వారు పుస్తకం చదివినట్టు కనిపించదు.